పసిఫిక్ దీవులు: గాలి, కెరటము, మంచినీరు



వాతావరణమనగానే మనము తలయెత్తి ఆకాశమువంక చూతుము. మబ్బు పట్టినదా, గాలి ఏ మూలనుండి వీచుచున్నది, ఉక్క పెరిగినదా తగ్గినదా అని విచారింతుము. భూమధ్యరేఖకు ఇరుప్రక్కల పసిఫిక్ మహాసముద్రమునందు చెదరియున్న దీవులవారికి ఈ అలవాటు సగమే పనికివచ్చును. తక్కిన సగము వారు నీటిమీద చూచి తెలిసికొనవలసినదే. 2008వ సంవత్సరము డిసెంబరు మాసమున మార్షల్ దీవులయందును, వానికి పడమటనున్న మైక్రోనీషియా దీవులయందును, ఇంకను దక్షిణమున పాపువా న్యూగినీ, సాలమన్ దీవుల తీరములయందును సముద్రము గ్రామములమీదికి వచ్చి, ఇండ్లలోనికి, బావులలోనికి, దుంపతోటలలోనికి ఉప్పునీటిని నింపిపోయెను. సుమారు లక్షమంది దానివలన కష్టములపాలైరి. అయినను ఆ న్యూగినీ, సాలమన్ తీరములను తాకిన తుపాను ఏదియు లేదు. గాలివాన రేగినది ఉత్తరమున, సమశీతోష్ణమండలములో, నాలుగువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున. దాని అలలుమాత్రము కొన్నిదినములు నడచి నడచి, దాని సంగతియే యెఱుగని వారి వాకిళ్లకు వచ్చి చేరినవి.

గాలి పుట్టించిన అల గాలి ఆగినంతనే చావదు. తుపాను క్రింద సముద్రము చిన్నవియు పెద్దవియునగు అలలతో కలగాపులగమై యుండును. అవి ఆ స్థానమును విడిచి బయలుదేరినపిమ్మట, దీర్ఘములైనవి ముందును, హ్రస్వములైనవి వెనుకను నడచుటచేత, దారిలో తమంతట తామే వరుసలు తీరును. ఒక కెరటమునకును తరువాతి కెరటమునకును నడుమ ఇరువది సెకనులు పట్టునట్టి దీర్ఘతరంగముల బారు లోతైన సముద్రమున గంటకు సుమారు 56 కిలోమీటర్లు సాగును. పది సెకనుల తరంగములు అందులో సగము వేగముతో వచ్చును. కావున ఒడ్డున గడియారము పట్టుకొని నిలిచినవాడు మొదటిదినమున మిక్కిలి ఎడముగా వచ్చు కెరటములను, మఱునాడు కొంచెము దగ్గఱగా వచ్చువానిని, ఆ మఱునాడు ఇంకను దగ్గఱగా వచ్చువానిని లెక్కించి, ఆ ఎడము తగ్గినరీతినిబట్టి, తాను కన్నెత్తి చూడని గాలివాన ఎంత దూరమున, ఏనాడు పుట్టినదో గుణించి చెప్పగలడు. 1963లో వాల్టర్ మంక్ అను సముద్రశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి, న్యూజీలాండు మొదలుకొని సమోవా, పాల్మైరా, హవాయి దీవులమీదుగా అలాస్కావఱకు కొలతపరికరములను నిలిపి, దక్షిణధ్రువప్రాంతపు తుపానులు పుట్టించిన అలలు భూమధ్యరేఖను దాటి, పదివేల కిలోమీటర్లకు పైగా పయనించి, సుమారు రెండువారములకు అలాస్కా ఒడ్డున విఱుగుట కనిపెట్టెను. అంతకంటె వింత యేమనగా, తుపాను ప్రాంతమును దాటినపిమ్మట ఆ తరంగములు దారిపొడుగున తమ శక్తిని బహుస్వల్పముగా మాత్రమే పోగొట్టుకొనినవి.

మార్షల్ దీవుల నావికులు ఈ సంగతిని గణితశాస్త్రము లేకయే ఎఱిగియుండిరి. వారు కొబ్బరి ఈనెలను నారతో ముడివేసి, అక్కడక్కడ చిన్న గవ్వలు కట్టి, చట్రములు తయారుచేసెడివారు. గవ్వ యనగా ఒక దీవి. తిన్నగానుండు ఈనె ఒక దిక్కునుండి వచ్చు తరంగముల వరుస. వంచి కట్టిన ఈనె ఆ వరుస దీవిని ఒరసికొని వంగిన రీతి. రెండు వంపులు కలిసిన ముడి, దీవి వెనుకతట్టున ఇరుప్రక్కలనుండి చుట్టివచ్చిన అలలు ఒకదానినొకటి తాకి నీరు తడబడుచుండు స్థానము. తూర్పునుండి వచ్చు బలమైన తరంగమునకు రిలిబ్ అనియు, పడమటి తరంగమునకు కేలిబ్ అనియు పేర్లు పెట్టి, ఉత్తర దక్షిణములనుండి వచ్చువానికిని వేఱు పేర్లు పెట్టి, ఈ నాలుగింటి కలయికనుబట్టి కంటికి కనబడని దీవి ఏ దిక్కుననున్నదో వారు నిర్ణయించెడివారు. వింక్లర్ అను జర్మను నౌకాధికారి 1898లో వీనినిగూర్చి వివరముగా వ్రాసెను. నేడు వస్తుప్రదర్శనశాలల అద్దపు బీరువాలలో ఈ చట్రములను చూచువారు, ఇవి పడవలో ముందుంచుకొని చూచుకొనుటకైన సముద్రపటములని తలంతురు. అది పొరపాటు. నావికుడు వీనిని ఒడ్డుననే వల్లెవేసి, ఇంటనే విడిచి, వట్టిచేతులతో పడవ ఎక్కెడివాడు. శిష్యుని నీటిలో వెల్లకిల తేలవేసి, ఏ కెరటము ఏ ప్రక్కనుండి తన మేనిని ఎత్తుచున్నదో చెప్పుమని గురువు పరీక్షించెడివాడు. పడవ పయనించుచుండగా నావికుడు అడుగుపలకలమీద కన్నులు మూసి పరుండియుండుటను చూచిన పరదేశీయుడు అతడు సోమరియై నిద్రించుచున్నాడని యనుకొనవచ్చును గాని, అతడు చేయుచుండినది పడవయంతటిలోను అతికఠినమైన పని.

ఇక గాలి సంగతి. ఈ సముద్రమున సాధారణముగా వీచునవి వ్యాపారపవనములు: భూమధ్యరేఖకు ఉత్తరమున ఈశాన్యమునుండి, దక్షిణమున ఆగ్నేయమునుండి. అవి నెలలతరబడి ఒకే తీరున వీచుచు, ఎండచేత కాగిన పైనీటిని పడమటికి నెట్టుకొనిపోవుటచేత, ఇండోనీషియావైపున సముద్రమట్టము దక్షిణ అమెరికావైపుకంటె ఇంచుమించు అర మీటరు ఎత్తుగా నిలిచియుండును. పడమట నీరు 29 డిగ్రీల వేడిమితో నుండగా, తూర్పున పెరూ దేశపు ప్రక్కను, భూమధ్యరేఖ వెంబడియు, పైనీరు తొలగిన చోటికి అడుగుననుండి చల్లని నీరు పైకి వచ్చుచుండును. మేఘము వెచ్చని నీటిని వెదకికొనిపోవునది. కావున వర్షము పడమటి పాలు, ఎండ తూర్పు పాలు. కిరిబాటి అను ఒక్క దేశములోనే ఈ భేదము చూడవచ్చును. ముప్పదిమూడు దీవులు, వాని భూమియంతయు కలిపి 811 చదరపు కిలోమీటర్లు. అవి చెదరియున్న సముద్రమో, ముప్పదియైదు లక్షల చదరపు కిలోమీటర్లు! దాని వాయవ్యపు కొననున్న బుటారిటారిలో సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసి సీమపనసచెట్లు దట్టముగా పెరుగగా, తూర్పుననున్న కిరిటిమాటి దీవిలో అందులో మూడవవంతైనను దక్కుట అరుదు.

కొండలున్న పెద్దదీవులలో మఱియొక భేదము కలదు. హవాయిలోని కవాయ్ దీవియందు వైయాలెయాలె శిఖరము ప్రపంచమునందలి అత్యధికవర్షస్థానములలో ఒకటి; ఆ శిఖరమునుండి ఇరువదియైదు కిలోమీటర్ల లోపుననే, గాలిమఱుగుననున్న తీరము ఎండి బీటలు వాఱుచుండును. ఫిజీలోని వీటిలెవు దీవియు నట్టిదే. ఆగ్నేయపు గాలికి ఎదురుగా నున్న సువాలో ఏడాదికి సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన. కొండలకు అవతలనున్న నాంది, లౌటోకా, బా ప్రాంతములలో వాన తక్కువ, ఎండ యెక్కువ. చెఱకు చక్కగా పండవలెనన్న ఏడాదిలో కొంతకాలము ఎండ కాయవలెను గదా. అందుచేత తెల్లదొరల చెఱకుతోటలును, మిల్లులును ఆ పొడినేలలోనే వెలసినవి. 1879లో లియోనిడాస్ ఓడతో మొదలైన భారతీయకూలీల వలస 1903నుండి చెన్నపట్టణపు రేవునకును ప్రాకి, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా మండలములనుండి మనవారు ఎందఱో ఒప్పందపత్రములమీద వ్రేలిముద్రలు వేసి ఆ తోటలకు పోయిరి. కొండలకు ఏ ప్రక్కను వాన పడును అనునట్టి ప్రశ్న ఒక తెలుగుకుటుంబము ఏ యూర కాపురము పెట్టవలెనో నిర్ణయించినది!

ఇంతసేపు నేను చెప్పినది గాలి తన ధర్మము తప్పకయున్న సంవత్సరముల కథ. కొన్ని యేండ్లకొకసారి అది తప్పును. న్యూగినీ సమీపమున పడమటిగాలులు కొన్నిదినములు విసరి కొట్టి, వ్యాపారపవనములు నీరసించినపుడు, పడమట పోగుపడిన వెచ్చనినీరు తిరిగి తూర్పునకు జాఱనారంభించును; ఆ ఉబ్బు నీటిలోతున మెల్లగా సాగి రెండుమూడు నెలలకు పెరూ తీరమును చేరును. అక్కడి జాలరులు క్రిస్మసు దినములలో వచ్చు ఈ వెచ్చదనమునకు పెట్టిన ఎల్ నీన్యో అను పేరు నేడు పల్లెటూరి రైతునకును పరిచితము. వెచ్చనినీరు కదలినచోటికి వాన కదలును. ఎండుదీవియైన కిరిటిమాటిలో 1982-83లో కుంభవృష్టి కురిసినది. చల్లనినీటితో పాటు చేపలు దూరమై, అక్కడ గూళ్లు కట్టుకొనిన లక్షలాది సముద్రపక్షులు పిల్లలను గూళ్లలోనే విడిచి ఎగిరిపోయినవి. అటు పడమట సముద్రమట్టము పడిపోయి, సమోవా దీవులలో నీటిలో మునిగియుండవలసిన పగడపుదిబ్బలు పాటువేళ ఎండకు బయటపడి, అందలి జీవులు చచ్చి క్రుళ్లి, తీరమంతయు దుర్గంధమయమగును. ఇంకొక సంగతి చెప్పిన నమ్ముట కష్టము. న్యూగినీలోని ఎత్తైన పీఠభూములు భూమధ్యరేఖకు ఐదారు డిగ్రీల దూరముననే యున్నవి. అయినను 1972లోను, 1997లోను, 2015లోను మేఘములు లేని రాత్రులయందు నేల తన వేడినంతయు ఆకాశమునకు విడిచివేయుటచేత, అక్కడ మంచు గడ్డకట్టి, ప్రజలకు ముఖ్యాహారమైన చిలగడదుంపతీగలు మాడిపోయినవి. ఉష్ణమండలము నడిబొడ్డున పైరు చలికి మాడుట!

ఈ వ్యవస్థకు మూలసూత్రమును కనిపెట్టిన కీర్తిలో ఒక భాగము మన దేశమునందలి కార్యాలయమునకు చెందును. మన రాయలసీమలో ధాత కరువని పెద్దలు చెప్పుకొనెడి 1876-78 నాటి మహాక్షామమును, 1899 నాటి అనావృష్టిని చూచిన ప్రభుత్వము, ఋతుపవనములను ముందుగా తెలిసికొను ఉపాయము కావలెనని కోరినది. 1904లో భారత వాతావరణశాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ వాతావరణశాస్త్రము చదివినవాడు కాడు. కేంబ్రిడ్జిలో గణితమునందు ప్రథముడు. ఆయన సిమ్లాలో కూర్చుండి, ప్రపంచపు నలుమూలలనుండి ఒత్తిడి, వాన, వేడిమి అంకెలు తెప్పించి, గుమాస్తాలచేత ఏండ్లతరబడి చేతిలెక్కలు వేయించి, పసిఫిక్ సముద్రముమీద వాయువు ఒత్తిడి హెచ్చినపుడు హిందూమహాసముద్రముమీద తగ్గుననియు, అది తగ్గినపుడు ఇది హెచ్చుననియు కనిపెట్టెను. నేటికిని ఈ ఊగిసలాటను తాహితి దీవిలోని ఒత్తిడిని, ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణపు ఒత్తిడిని పోల్చియే కొలుచుచున్నారు. వాకర్ లెక్క కట్టినాడేగాని కారణము చెప్పలేకపోయెను. సముద్రపు వేడిమికిని ఈ ఊగిసలాటకును గల సంబంధమును జాకబ్ బ్యెర్క్‌నెస్ 1969లో విశదపఱచి, భూమధ్యరేఖ వెంబడి తూర్పు పడమరలుగా తిరుగు ఆ గాలిచక్రమునకు వాకర్ పేరు పెట్టునప్పటికి వాకర్ మరణించి పదకొండేండ్లైనది. ధాత కరువునాడు పసిఫిక్‌లో ఎల్ నీన్యో మహాబలముగా నుండెనని ఇపుడు మనకు తెలియును. అట్లని ఎల్ నీన్యో వచ్చినదనగానే కరువు వచ్చినదని గుండెలు బాదుకొనరాదు: 1997లో అది అతిప్రబలముగా నున్నను మన దేశమున వానలు సమముగానే కురిసినవి, 2002లో అది అంత బలముగా లేకున్నను జూలై నెల వానలు సగమునకు పడిపోయినవి. పత్రికల పెద్దక్షరముల శీర్షికలలో ఈ సంగతి సామాన్యముగా కనబడదు.

మనకు అనావృష్టి యనగా ఎండిన చెఱువు, ఎండిన పైరు. పగడపుదీవిలో దాని స్వరూపము వేఱు. అక్కడ కొండ లేదు, ఏఱు లేదు, చెఱువు లేదు. నడుమ ఉప్పునీటి మడుగు, దాని చుట్టును వలయాకారముగా పగడపుగుల్లతోను ఇసుకతోను ఏర్పడిన సన్నని నేల. చాలచోట్ల దాని వెడల్పు కొన్ని వందల మీటర్లకు మించదు, ఎత్తు రెండుమూడు మీటర్లు. కురిసిన వాన ఆ గుల్లనేలలోనికి ఇంకి, క్రిందనున్న సముద్రజలముకంటె తేలికయగుటచే, పాలమీద మీగడవలె దానిమీద తేలియుండును. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచెనేని, దాని క్రింద నలువది అడుగుల లోతువఱకు మంచినీరే యుండవలెనని శాస్త్రజ్ఞుల లెక్క. గుల్లనేలలో రెండునీళ్లు కొంత కలిసిపోవుటచే ఆచరణలో అంత దక్కదు. కిరిబాటిలో ఈ నీటిపొర అందువఱకు రెండుమూడు మీటర్ల గోయి త్రవ్వి, అందులో బబాయ్ అను పెద్దాకుల చేమదుంపను నాటి, మొగలియాకుతో అల్లిన అడుగులేని బుట్టను మొక్క చుట్టును ఉంచి, దానిలో ఎండుటాకులు, నల్లమన్ను నింపుచు సంవత్సరములతరబడి పెంచుదురు. ఆ గోతిలోనికి ఒక్కసారి ఉప్పుకెరటము దొర్లినదా, ఎన్నేండ్ల సేద్యమో ఒక్కపూటలో పోయినట్లే. తిరిగి మంచివానలు కురిసి ఉప్పు కడుగబడువఱకు ఆ నేల పనికిరాదు.

టువాలు దేశపు రాజధానియైన ఫునాఫుటిలో ఈ మంచినీటిపొర నేడు త్రాగుటకు పనికిరాదు. ఇంటికప్పుమీద పడిన వానను తొట్లలో పట్టుకొనవలసినదే. 2011లో, ఎల్ నీన్యోకు విరుద్ధస్థితియైన లా నీన్యా ప్రభావమున నెలలతరబడి వానలు లేక, సెప్టెంబరు చివర ప్రభుత్వము అత్యవసరపరిస్థితిని ప్రకటించినపుడు, ఒక కుటుంబమునకు దినమునకు రెండు బాల్చీలు, అనగా 40 లీటర్ల నీరు. వంటయు, స్నానమును, త్రాగుటయు సర్వము అందులోనే. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములు ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములను విమానములమీద పంపినవి. అదే యూర, ఏడాది మొదటినెలలలో పెద్దపోటు వచ్చినపుడు సముద్రము ఒడ్డు దాటి రానక్కఱలేదు; నేలయందలి రంధ్రములనుండి ఇండ్లమధ్య బుడగలు వేయుచు నీరు పైకి ఊరును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికనులు విమానములు దిగుటకు బాట వేయుచు, కావలసిన పగడపుగుల్లను ఆ చిన్నదీవిలోనే త్రవ్వి తీసికొని పోయిరి. ఆ గోతులలో ఉప్పునీరు నిలిచి డెబ్బదియేండ్లు అట్లేయుండినవి.

తుపానుల విషయమున భూమధ్యరేఖకు అతిసమీపముననున్నవారికి ఒక రక్ష కలదు. భూభ్రమణమువలన గాలికి కలుగు మలుపు అక్కడ మిక్కిలి తక్కువ యగుటచే, ఇరుప్రక్కల ఐదు డిగ్రీల లోపున సుడిగాలి పుట్టుట చాల అరుదు. అయినను 2015 మార్చిలో పామ్ అను తుపాను వనువాటు దీవులను నుగ్గుచేయునపుడు, వెయ్యి కిలోమీటర్ల అవతల దాని అలలు టువాలులో జనులను ఇల్లు వెడలగొట్టి, కిరిబాటి దక్షిణపు దీవులలో ఇండ్లను పడగొట్టినవి. ఆ మఱుసటి యేడు ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ ప్రవర్తన మఱియు విడ్డూరము: అది వనువాటు ప్రాంతమున పుట్టి, ఫిజీకి దక్షిణముగా తూర్పునకు సాగి, టోంగాలోని వవావు దీవులను కొట్టి, ఇక పోయినదనుకొనిన తరువాత వెనుదిరిగి, వవావును మఱల కొట్టి, పడమటిగా వచ్చి ఫిబ్రవరి 20న ఫిజీ నడుమ దూసికొనిపోయినది. కోరో దీవిలో గ్రామములు నేలమట్టమైనవి; రాకిరాకి, బా ప్రాంతపు చెఱకుతోటలు పడుకొనిపోయినవి; నలువదినలుగురు మరణించిరి. దాటిపోయిన తుపాను దాటిపోయినట్లే యని ఊపిరి పీల్చుకొను సుఖముకూడ ఈ సముద్రమున లేదు.

ఇట్టి సముద్రమున మొదట మనుష్యులు ఎట్లు వ్యాపించిరి? 1947లో థార్ హెయెర్‌డాల్ అను నార్వే దేశీయుడు బాల్సాదుంగలతో కోన్-టికి అను తెప్ప కట్టించి, పెరూ తీరమునుండి నూటొక్క దినములు కొట్టుకొనిపోయి టువమోటు దీవులలోని రరోయియాలో దిగెను. గాలియు, ప్రవాహమును ఎల్లవేళల తూర్పునుండి పడమటికే గదా, కావున ఈ దీవులవారు అమెరికానుండి వచ్చినవారే యని ఆయన వాదము. సాహసము మెచ్చదగినదే, వాదము నిలువలేదు. భాషయు, మట్టిపాత్రల శిథిలములును, పెంచిన చేమదుంపలును వారు పడమటినుండి తూర్పునకు వచ్చిరనియే సాక్ష్యమిచ్చుచున్నవి. మఱి ఎదురుగాలిలో ఎట్లు వచ్చిరి? ఈ ప్రశ్నకు సమాధానము 1769లోనే కెప్టెన్ కుక్‌కు దొరికియుండెను. తాహితిలో ఆయన ఓడ ఎక్కిన టుపాయియా అను నావికపండితుడు, నవంబరునుండి జనవరివఱకు వానలతో కూడిన పడమటిగాలులు వీచుననియు, తూర్పునకు పోవలసినవారు ఆ దినములకై కనిపెట్టుకొని యుందురనియు తెలిపెను. కుక్ దానిని వ్రాసికొనెను. పుస్తకములో నున్న మాటను నూటడెబ్బదియేండ్లకు పైగా పండితులు అంతగా పట్టించుకొనకపోవుట విచారింపదగిన విషయమే. వారికి తుపానువేళగాను, పాడుకాలముగాను తోచిన ఋతువు దీవులవారికి ప్రయాణపు ఋతువు.

హవాయిలో నిర్మించిన హోకులేయా అను జంటపడవను, 1976లో సటావల్ దీవివాడైన మావు పియాయిలుగ్ దిక్సూచి లేక, పటము లేక, నక్షత్రములను తరంగములను చూచియే తాహితికి చేర్చెను. అక్కడి పపేటె రేవున వేలాది జనము దానిని ఎదుర్కొనిరి. అది దక్షిణపు పయనము, గాలికి అడ్డముగా పోవునది. తూర్పుదిక్కు పరీక్ష తరువాత వచ్చెను. 1999లో, మావు శిష్యుడైన నైనోవా థామ్సన్ నాయకత్వమున అదే పడవ మంగరేవా దీవిలో ఆగి, వ్యాపారపవనము సడలి గాలి తిరుగువఱకు వేచియుండి, తిరిగినపిమ్మట బయలుదేరి, సుమారు పదునేడు దినములలో తూర్పుననున్న రాపనూయి దీవిని చేరినది.